కాంటా పక్కన రుజుమార్గం

ప్రశ్న: అన్నా, అస్సలాము అలైకుం. మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. నాకు 27 ఏళ్లు. ఒక వడ్ల వ్యాపారి దగ్గర నాలుగేళ్లుగా కాంటా రాసే గుమస్తాగా చేస్తున్నా. ఐదు పూటలా నమాజు చదువుతా. ప్రతి రకాతులో (నమాజులో ఒక ఆవృత్తి) "ఇహ్దినస్ సిరాతల్ ముస్తఖీమ్", అంటే మాకు రుజుమార్గం చూపించు అంటున్నా కానీ ఆ రుజుమార్గం అంటే ఏంటో నాకు నిజంగా తెలియదు. జాన్‌పహాడ్ దర్గాకు పోయే మా అబ్బా (నాన్న) ఆ దారిలో లేడని మా దోస్తు అంటాడు. మా మామ ఇంకోటి చెప్తాడు. నా బాధ వేరే ఉంది. రైతుకు చెప్పకుండా బస్తాకు రెండు కిలోలు తరుగు తీసి రాయమంటాడు మా సేటు. పోయిన యాసంగిలో ఒక ముసలాయన 63 బస్తాలు తెచ్చిండు. కాంటా అయినంక "అంతా సరిగ్గనే రాసినవా బిడ్డా" అని అడిగిండు. "సరిగ్గనే రాసిన తాతా" అన్నా. అప్పటి నుంచి నమాజులో ఆ ఆయత్ (ఖుర్‌ఆన్ వాక్యం) దగ్గరికి వచ్చేసరికి గొంతు పెగలట్లేదు. పని మానేస్తే ఇల్లు గడవదు. బండి కిస్తీ ఉంది, చిన్న పాప ఉంది, చెల్లె పెండ్లి చేయాలి. నేను రుజుమార్గంలో ఉన్నట్టా, లేనట్టా?

జవాబు:

వ అలైకుం అస్సలాం తమ్ముడూ.

రుజుమార్గం అంటే ఏంటని ఒక ప్రశ్న, తరుగు సంగతి ఇంకో ప్రశ్న అని నువ్వు అనుకుంటున్నావు. ఖుర్‌ఆన్ తెరిచి చూస్తే అవి రెండూ పక్కపక్క ఆయతుల్లోనే ఉన్నాయి. అది నీకు చూపించాలనే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు మాట సంగతి. ఖుర్‌ఆన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహాలో ఏడు ఆయతులు, నువ్వు చెప్పింది ఆరోది. ఫజర్‌లో రెండు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు, జుహర్‌లో నాలుగు, అసర్‌లో నాలుగు, మగ్రిబ్‌లో మూడు, ఇషాలో నాలుగు, మొత్తం 17. సున్నతులు, నఫిళ్లు అనే అదనపు రకాతులు లెక్కలోకి తీసుకోకపోయినా రోజుకు 17 సార్లు ఈ మాట మన నమాజులో ఉంటుంది. ఒకసారి దారి దొరికాక మళ్లీ ఎందుకడగాలి అని నేనూ చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. దేవరకొండ పోవాలంటే మల్లేపల్లి కాడ ఒకసారి అడిగితే చాలు కదా, కిలోమీటరుకోసారి బండి ఆపి ఎవడడుగుతాడు? కానీ ఇది ఊరికి పోయే దారి కాదు. ఫజర్‌కు ఒక మనిషివి, జుహర్‌కు కాంటా పక్కన నిలబడ్డ ఇంకో మనిషివి, పొద్దుగూకి సేటు లెక్క చూసేటప్పుడు మరో మనిషివి, దారి తప్పే చోటు పూటకొకటి వస్తుంది కాబట్టే పూటపూటకూ అడగమన్నారు.

"ముస్తఖీమ్" అనే మాట నిలబడటం అనే ధాతువు నుంచి వచ్చింది. మసీదులో అందరూ కలిసి నమాజుకు నిలబడే ముందు ఇఖామత్ అనే పిలుపు చెప్తారే, అదీ ఆ ధాతువే. వంగకుండా, వాలకుండా నిలిచినది అని అర్థం. మన తెలుగువాళ్లు దాన్ని రుజుమార్గం అని రాసుకున్నారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. తెలుగులో రుజువర్తన అంటే కపటం లేని నడవడి, రుజువు అంటే సాక్ష్యం, మాట నిజమని తేలడం. "సిరాత్" అనే మాటను ఖుర్‌ఆన్ ఎక్కడా బహువచనంలో వాడలేదు, తప్పుదారులకు మాత్రం "సుబుల్" అని బహువచనం వాడింది. ఇంకొకటి గమనించు, ఆ ఆయతులో "నాకు చూపు" అని లేదు, "మాకు చూపు" అని ఉంది. ఇంట్లో ఒంటరిగా చదివినా "మాకు" అనే అనాలి. మీ అబ్బా, మీ దోస్తు, మీ మామ, చివరికి మీ సేటు ముస్లిమైతే ఆయన కూడా ఆ "మా"లో ఉన్నారు.

(చాలామంది దీన్ని పుల్‌సిరాత్‌తో కలిపేస్తారు. వెంట్రుక కన్నా సన్నం, కత్తి కన్నా పదును అని మా నానమ్మ చెప్తుంటే మేం దుప్పట్లో దూరేవాళ్లం. అది పరలోకపు వంతెన. ఫాతిహాలో అడిగేది ఈ నేల మీద నడిచే దారి. ఇక్కడ ఎట్లా నడిస్తే అక్కడ అట్లా దాటుతారని పెద్ద పండితులు రాశారు కాబట్టి రెండింటికీ సంబంధం మాత్రం ఉంది.)

ఇక అసలు సంగతికి వస్తా. ప్రవక్త సహచరుడు ఇబ్నె మస్ఊద్ (రజి) చెప్పిన హదీసు (ప్రవక్త మాటలు, పనుల ఉల్లేఖనం) నువ్వు జుమా బయాన్‌లో (శుక్రవారం ప్రసంగంలో) వినే ఉంటావు. దైవప్రవక్త (స) నేల మీద చేత్తో ఒక గీత గీసి, ఇది అల్లాహ్ దారి అన్నారు. దానికి కుడి ఎడమల ఇంకొన్ని గీతలు గీసి, ఇవి వేరే దారులు, వీటిలో ప్రతిదాని మీదా ఒక షైతాన్ కూర్చుని తన వైపు పిలుస్తుంటాడు అన్నారు. తర్వాత ఒక ఆయత్ చదివారు: ఇది నా రుజుమార్గం, దీన్నే అనుసరించండి, వేరే దారులు పట్టకండి. అది అన్ఆమ్ సూరా 153వ ఆయత్.

గీత సంగతి అందరూ చెప్తారు. మా జమాత్ (వర్గం) ఆ నడిమి గీత, మీ జమాత్ పక్క గీత అని చెప్పుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ "ఇది నా రుజుమార్గం" అన్నాడే అల్లాహ్, "ఇది" అని దేన్ని చూపించాడు? దానికి ముందున్న 151, 152 ఆయతులు చదువు. ఎవరినీ అల్లాహ్‌కు సాటి కల్పించకండి అని మొదలవుతుంది. తల్లిదండ్రులతో మంచిగా ఉండండి. బీదరికం వల్ల పిల్లల్ని చంపుకోకండి. బయటిదైనా దాచినదైనా సిగ్గుమాలిన పనికి దగ్గర కాకండి. అన్యాయంగా ప్రాణం తీయకండి. అనాథ ఆస్తి జోలికి పోకండి. ఆ వెంటనే, కొలతలూ తూకాలూ న్యాయంగా, పూర్తిగా ఇవ్వండి. మాట్లాడితే న్యాయంగా మాట్లాడండి, అవతల ఉన్నది మీ చుట్టమైనా సరే. అల్లాహ్‌కిచ్చిన మాట నిలబెట్టుకోండి. ఇంత చెప్పాక, ఇది నా రుజుమార్గం అన్నాడు.

చూసినవా తమ్ముడూ. అల్లాహ్ తన దారి ఏంటో చెప్తూ తూకాన్ని పేరు పెట్టి చెప్పాడు. నువ్వు రోజుకు 17 సార్లు చూపించమని అడుగుతున్న దారి నీ కాంటా పళ్లెం మీదుగా పోతోంది. ఆ ఆయత్ దగ్గర నీ గొంతు పెగలకపోవడం చూసి నేను భయపడట్లేదు, నీ గుండె ఇంకా పనిచేస్తోందని నాకు ధైర్యమొచ్చింది. నువ్వు అడిగింది నీకు అందుతోంది, అందులో నొప్పి కూడా ఉంది, అంతే. ఫాతిహాను నాకూ నా దాసుడికీ మధ్య సగం సగం పంచాను, ఈ చివరి మాటలు నా దాసుడివి, అతను అడిగింది అతనికి దొరుకుతుంది అని అల్లాహ్ చెప్పినట్టు సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది.

మా నాయన చదువుకోలేదు. అరబ్బీ రాదు, ఉర్దూ అక్షరం రాదు, ఫాతిహా కూడా మసీదులో విని విని నేర్చుకున్నదే. సంతల్లో చింతపండు అమ్మేవాడు, నేను సెలవుల్లో వెంట పోయేవాణ్ణి. చింతపండు ఎట్లుంటదో తెలుసు కదా, జిగురు. రెండు బేరాలు అయ్యేసరికి తరాజు పళ్లేనికి పీచు, గుజ్జు అంటుకుంటాయి, ఎండకు గట్టిపడి అట్ట కడతాయి. ఆ అట్ట బరువంతా కొనేవాళ్లకు నష్టం, మనకు లాభం. నాయన నడుముకో తడిగుడ్డ చెక్కుకునేవాడు. ప్రతి బేరానికీ ముందు పళ్లెం తిప్పి, గోటితో గీకి, గుడ్డతో తుడిచి, ఖాళీ తరాజు ఎత్తి ముల్లు నడిమికి వచ్చిందాకా చూసి అప్పుడు తూచేవాడు. సంత ముమ్మరంగా ఉన్నప్పుడు అవతల జనం కసురుకునేవాళ్లు, తొందరగా కానియ్ సాయిబూ అని. నాకు సిగ్గేసేది. ఎంత ఉంటది నాయనా, తులం కూడా ఉండదు అంటే, "వాళ్లది కదరా" అనేవాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పేవాడు కాదు. తఫ్సీర్లు (ఖుర్‌ఆన్ వ్యాఖ్యానాలు) చదవడం మొదలుపెట్టి ముతఫ్ఫిఫీన్ సూరాకు వచ్చినప్పుడు నాకు ఆ తడిగుడ్డే గుర్తొచ్చింది. తూకంలో తగ్గించేవాళ్లకు వినాశనం, వాళ్లు జనం దగ్గర తీసుకునేటప్పుడు నిండా తీసుకుంటారు, జనానికి ఇచ్చేటప్పుడు తగ్గించి ఇస్తారు అని ఆ సూరా మొదలు. షుఐబ్ (అలై) ప్రవక్తగా వచ్చిన మద్‌యన్ జాతి సంగతి కూడా చదువు. ఒక్క అల్లాహ్‌నే ఆరాధించండి అన్న వెంటనే ఆయన చెప్పింది కొలతలూ తూకాలూ తగ్గించకండి అనే.

ఇప్పుడు మీ సేటు లెక్క చూద్దాం. 40 కిలోల బస్తాకు రెండు కిలోలంటే వంద బస్తాలకు రెండు క్వింటాళ్లు. 2024-25లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు, అంటే వంద బస్తాల రైతుకు 4,640 పోయినట్టు. ఆ వంద బస్తాల కోసం ఆయన బోరు మోటరు దగ్గర ఎన్ని రాత్రులు పడుకున్నాడో నీకు నేను చెప్పాలా, నువ్వు పల్లెలో పుట్టినోడివే.

సేటు ఏమంటాడో కూడా నాకు తెలుసు. తేమ ఉంది, తాలు ఉంది, మట్టి ఉంది, మిల్లులో మాకూ కోత పడుతుంది అంటాడు. అందులో కొంత నిజం ఉండొచ్చు, కాదనను. కానీ దానికి దారి ఉంది. సర్కారు కొనుగోలుకు తేమ 17 శాతం లోపు ఉండాలని నిబంధన ఉంది. మీటర్ పెట్టు, రైతుకు అంకె చూపించు, దీనికి ఇంత ధర తగ్గిస్తానని ముందే చెప్పు, ఇష్టమైతే ఇస్తాడు, లేకపోతే ఇంకో రెండు రోజులు ఆరబోసుకుంటాడు. ముందు చెప్పి ధరలో తగ్గిస్తే అది బేరం. చెప్పకుండా కాంటాలో తగ్గిస్తే అది దొంగతనం. నిసా సూరాలో ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినకండి, ఇద్దరికీ ఇష్టమైన వ్యాపారమైతే తప్ప అని ఉంది. ఆ ఇష్టం కూడా నిజమైన ఇష్టం కావాలి. మబ్బు పట్టి, కల్లంలో రాశి పోసి, టార్పాలిన్ కిరాయి ఎక్కుతుంటే రైతు "ఎంతకో అంతకు తీసుకోండి సారూ" అంటాడు చూడు, దాన్ని ఇష్టం అని రాసుకోకు.

తడి వడ్ల గురించి హదీసే ఉంది, వింటే ఇది మన మార్కెట్ యార్డులో జరిగిందా అనిపిస్తుంది. ప్రవక్త (స) బజారులో ధాన్యం రాశి పక్కనుంచి పోతూ చెయ్యి లోపలికి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేంటయ్యా అని అడిగితే వాన పడింది ప్రవక్తా అన్నాడు ఆ వ్యాపారి. మరి జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు నావాడు కాదు అన్నారు. వాన పడటం తప్పు అనలేదు, దాచడాన్ని తప్పన్నారు. ఇది రైతులకూ వర్తిస్తుంది, అడుగున పచ్చివి పోసి పైన ఎండినవి పరిచేవాళ్లకూ వర్తిస్తుంది. కానీ వాళ్లెవరో చేస్తారు కాబట్టి మేం అందరి దగ్గరా రెండు కిలోలు తీస్తాం అనడానికి చెల్లదు.

ఇల్లు గడవదన్నావు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అన్ఆమ్ సూరాలో ఆ తూకం ఆజ్ఞ పక్కనే ఏముందో చూడు: మేము ఎవరి మీదా శక్తికి మించిన భారం వేయం. సరిగ్గా అక్కడే ఉంది ఆ మాట. గాలికి కాంటా ఊగి వంద గ్రాములు అటూ ఇటూ అయితే అది నీ మీద పడదు, సరిగ్గా తూచాలని నువ్వు చూశావా లేదా అన్నదే లెక్క అని వ్యాఖ్యాతలు రాశారు. నీ కిస్తీ, నీ పాప పాలడబ్బా కూడా అల్లాహ్‌కు తెలుసు. రేపు పొద్దుగాల పని మానేసి ఇంట్లో కూర్చోమని నేను చెప్పను. ఆకలితో ఉన్న ఇంటిని చూపించి షైతాన్ నిన్ను ఇంతకంటే పెద్ద తప్పులోకి లాగొచ్చు.

నేను చెప్పేది ఇది. రేపటి నుంచి నీ చేత్తో తప్పు అంకె రాయకు. సేటుతో ఒంటరిగా, మర్యాదగా మాట్లాడు, నలుగురి ముందు పరువు తీయకు. మీటర్ పెడదాం, ధరలో చెప్పి తగ్గిద్దాం, రైతులకు నమ్మకం కుదిరితే వచ్చే పంటకు ఇంకో పది మంది మన దగ్గరికే తెస్తారు అని చెప్పు, అది అబద్ధం కూడా కాదు. ఒప్పుకుంటే అల్‌హమ్దులిల్లాహ్. ఒప్పుకోకపోతే, కాంటా నేను రాయను సేటూ, లారీ లోడింగ్ చూసుకుంటా, గోదాము చూసుకుంటా అని అడుగు. అదీ కాదంటే అప్పుడు వేరే పని వెతుకు, కానీ వెతకడం ఇవాళే మొదలుపెట్టు, రేపటి మీదికి నెట్టకు, నెట్టిన కొద్దీ చెయ్యి ఆ తప్పు అంకెకు అలవాటు పడిపోతుంది. నాకు తెలిసి చెప్తున్నా. నేను 24 ఏళ్లప్పుడు ఒక ఎరువుల దుకాణంలో గుమస్తాగా యూరియా బస్తాకు ఎవరికీ అక్కరలేని మందు డబ్బా లింకు పెట్టి అమ్మాను. మొదటి వారం రాత్రుళ్లు నిద్ర పట్టలేదు, రెండో నెలకు హాయిగా పట్టింది. ఆ హాయి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అల్లాహ్‌కు భయపడేవాడికి ఆయన బయటపడే దారి చూపిస్తాడు, ఊహించని చోటు నుంచి రోజీ (జీవనోపాధి) ఇస్తాడు అని తలాఖ్ సూరాలో ఉంది. అది రాత్రికి రాత్రే జరుగుతుందని నేను మాటివ్వలేను. కొన్ని నెలలు కష్టంగా ఉండొచ్చు. ఇంకెవరినీ అడగాల్సిన అవసరం లేకుండా నాకు ఒక్క మాట చెప్పండి అని సుఫ్యాన్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) అడిగితే ప్రవక్త (స) ఏం చెప్పారో తెలుసా? "అల్లాహ్‌ను విశ్వసించానని చెప్పు, తర్వాత స్థిరంగా నిలబడు." అక్కడ "నిలబడు" అన్న మాట "ఇస్తఖిమ్", ముస్తఖీమ్‌కు తోబుట్టువు లాంటి మాట. దారి నిటారుగా ఉంటుంది, దాని మీద మనిషి నిటారుగా నిలబడాలి.

మీ అబ్బా సంగతి తక్కువలో చెప్తా. దర్గాకు పోవడంలో ఏది సరి, ఏది కాదు అన్నది మీ ఊరి ఆలిమ్ (మత పండితుడు) దగ్గర కూర్చుని నేర్చుకో, దువా (వేడుకోలు) అల్లాహ్‌ను మాత్రమే అడగాలన్నది మాత్రం గట్టిగా పట్టుకో, "నిన్నే ఆరాధిస్తాం, నిన్నే సహాయం అడుగుతాం" అన్న తర్వాతే కదా ఫాతిహాలో దారి అడుగుతున్నాం. నీకు తెలిసింది మీ అబ్బాకు ప్రేమగా చెప్పు, ఒకసారి చెప్పు, గొంతు పెంచకు. ఫలానా మనిషి రుజుమార్గంలో లేడని తీర్పు రాసే పని మీ దోస్తుకు ఎవరూ అప్పగించలేదు. తల్లిదండ్రులు షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) చేయమని బలవంతం చేసినా ఆ మాట వినకండి, కానీ లోకంలో వాళ్లతో మంచిగా మెలగండి అని లుక్మాన్ సూరాలో ఉంటే, జాన్‌పహాడ్ దర్గా సైదులు పేరు చెప్పుకుని ఉర్సుకు (దర్గా ఉత్సవానికి) పోయి వచ్చే తండ్రిని పట్టుకుని కొడుకుతో అంత మాట అనొచ్చా? అబ్బా మీద వాదనలో గెలిచి కాంటా దగ్గర ఓడిపోతే ఏం లాభం? నమాజులు, రోజాలు, జకాత్ అన్నీ మూటగట్టుకుని వచ్చి, ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి ఉన్నందుకు ఆ పుణ్యమంతా వాళ్లకు పంచి చివరికి దివాలా తీసే మనిషి గురించి సహీ ముస్లింలో ఉంది. దాన్ని మీ దోస్తుకు కూడా చదివి వినిపించు.

ఇక ఆ తాత. తౌబా (పశ్చాత్తాపం) అంటే మనం సాధారణంగా అల్లాహ్‌తో మాట్లాడి కళ్లు తుడుచుకోవడం అనుకుంటాం. మనుషుల హక్కు ఉన్న చోట అది సరిపోదు, హక్కు వాళ్లకు చేరాలి లేదా వాళ్లు మాఫ్ చేయాలి. ఆ డబ్బు నీ జేబులోకి రాలేదు, సేటుకు పోయింది, అది నిజమే. ఇవ్వాల్సింది మొదట ఆయనే. ఆయన ఇవ్వకపోతే నీ మీద ఎంత పడుతుందో ఆలిమ్‌ను అడుగు, ఊరూ పేరూ తెలియని రైతుల సంగతీ అడుగు. కానీ ఈ ఒక్క తాత దగ్గర అబద్ధం చెప్పిన నోరు మాత్రం నీదే, దానికి సేటు అడ్డం రాడు.

63 బస్తాలు, బస్తాకు రెండు కిలోలు, 126 కిలోలు. పైన చెప్పిన ధరకు 2,923 రూపాయలు. ఆయన ఊరు నీ బుక్కులో రాసి ఉంటుంది. పనిలేని రోజు చూసుకుని పో. ఒకేసారి కుదరకపోతే వెయ్యి పట్టుకుపో, మిగతాది ఎప్పుడిస్తావో చెప్పు. ఇంటి ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తాడు, తాగు. "తాతా, ఆ రోజు సరిగ్గ రాయలే" అని చెప్పు. తిట్టొచ్చు, తిట్టనియ్. డబ్బు వద్దు పో బిడ్డా అని మాఫ్ చేయొచ్చు, అప్పుడు కూడా డబ్బు ఆయన చేతిలో పెట్టే రా. పోయేది మాత్రం అసర్‌కు ముందే పో, దారిలో ఏదో ఒక మసీదు వస్తుంది. అక్కడ ఆగి నమాజు చదివి ఆ ఆయత్ దగ్గర గొంతు ఎట్లుందో చూసుకో, వీలైతే నాకు ఇంకో ఉత్తరం రాయి.